తాగి రోడ్డు మీద ఉన్నాడని పట్టుకెళ్ళి లాకప్‌లో వేయడం న్యాయమేనా?

తూనీగ (చర్చ మొదలుపెట్టినవారు)

మూడు రోజులుగా ఇదే ఆలోచన, అందుకే ఇక్కడ రాస్తున్నాను. మా తమ్ముడికి ఇరవై ఆరేళ్ళు. స్నేహితుడికి ప్రమోషన్ వచ్చిందని పార్టీకి వెళ్ళాడు, తాగాడు, బాగానే తాగాడు, అది నేను దాచను. తాగితే బండి ముట్టకూడదని ముందే తాళాలు స్నేహితుడి చేతికి ఇచ్చేశాడు. క్యాబ్ బుక్ చేసుకుని రోడ్డు పక్కన బెంచీ మీద కూర్చుని కునుకు తీస్తున్నాడట. పోలీసు జీపు ఆగింది, లేపారు, పేరు అడిగితే నాలుక మడతపడింది, అంతే, ఎక్కించారు. రాత్రంతా లాకప్‌లో ఉంచి, పొద్దున కాగితం మీద సంతకం పెట్టించుకుని, జరిమానా కట్టించుకుని పంపారు.

ఇంటికి ఒక్క ఫోన్ కూడా చేయనివ్వలేదు. మేము రాత్రి రెండు దాకా చూసి, తర్వాత హాస్పిటళ్ళ చుట్టూ తిరిగాం. వచ్చేసరికి నుదుటి మీద బొప్పి ఉంది. ఎలా తగిలిందో వాడికే గుర్తులేదు. కొట్టారని నేను అనడం లేదు, నాకు తెలియదు కాబట్టి. తూలి పడే ఉంటాడు. పడ్డప్పుడు పక్కన మనిషి లేడు, అది తలుచుకుంటే నిద్ర పట్టడం లేదు. ఎవరినీ ఒక్క మాట అనలేదు, బండి తీయలేదు, గొడవ పడలేదు. మరి వాడు చేసిన నేరం ఏమిటి?

సూటిమాట

మీ బాధ అర్థమైంది అక్కా, కానీ నా మాట సూటిగానే చెబుతాను. తాగడం ఎవరి ఇష్టం వాళ్ళది, రోడ్డు మాత్రం అందరిదీ. పిల్లలు, ఆడవాళ్ళు, ముసలివాళ్ళు నడిచే చోట ఒంటి మీద స్పృహ లేని మనిషి ఉంటే వాళ్ళకి భయం వేస్తుంది. మీ తమ్ముడు మంచివాడే కావచ్చు, కానీ రాత్రి పదకొండింటికి ఆ బెంచీ పక్క నుంచి ఒంటరిగా వెళ్ళే అమ్మాయికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? పోలీసులకైనా ఎలా తెలుస్తుంది? అంత తాగాలనుకున్నవాడు ఆ పార్టీ జరిగిన ఇంట్లోనే పడుకోవాల్సింది. ఒక రాత్రి లోపల ఉంటే మళ్ళీ జాగ్రత్తగా ఉంటాడు.

నల్లకోటు

వృత్తిరీత్యా ఇలాంటి కేసులు చాలా చూశాను. సూటిమాట గారు చెప్పినదాంట్లో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి, ముందు వాటిని విడదీయాలి. ఒకటి, తాగి ఉండటం. రెండు, తాగి ఏదో చేయడం.

తాగి ఉండటమే నేరమనే ఆలోచన చాలా పాతది. ఇంగ్లండులో 1606లో చట్టం చేశారు, తాగినవాడు ఐదు షిల్లింగులు కట్టాలి, కట్టలేకపోతే ఆరు గంటలు నలుగురూ చూసేలా కాళ్ళు బిగించే కొయ్య చట్రంలో, అంటే బొండలో, కూర్చోవాలి. అంటే డబ్బున్నవాడికి జరిమానా, లేనివాడికి బొండ. నాలుగు వందల ఏళ్ళు దాటినా ఆ తేడా చాలా చోట్ల అలాగే ఉంది. తర్వాతి చట్టాలు కొన్ని మెల్లగా రెండో వైపు జరిగాయి. మన పాత శిక్షాస్మృతిలో 510 సెక్షన్ చూడండి, తాగి బహిరంగ ప్రదేశానికి రావడం ఒక్కటే చాలదు, అక్కడ ఇతరులకు చిరాకు కలిగించేలా ప్రవర్తించాలి, అప్పుడే 24 గంటల వరకు జైలు లేదా పది రూపాయల జరిమానా. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 355వ సెక్షన్ అయింది, జరిమానా వెయ్యి రూపాయల దాకా పెరిగింది, సమాజ సేవ అనే శిక్ష కొత్తగా చేరింది, ప్రవర్తన అనే షరతు మాత్రం పోలేదు. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం చట్టం చూసినా తనకో ఇతరులకో ప్రమాదం తెచ్చేంత మత్తులో ఉండాలి.

కాబట్టి బెంచీ మీద కునుకు తీస్తూ క్యాబ్ కోసం చూస్తున్న మనిషి ఎవరికి చిరాకు కలిగించాడు, ఎవరికి ప్రమాదం తెచ్చాడు అన్నది రాతపూర్వకంగా చెప్పాల్సిన బాధ్యత పట్టుకెళ్ళినవారిదే. అమ్మాయికి భయం వేయవచ్చు అనే ఊహ మీద మనిషిని లోపల వేయడం మొదలుపెడితే, గడ్డం పెరిగినవాడిని, చిరిగిన బట్టలవాడిని, తనలో తాను మాట్లాడుకునేవాడిని అందరినీ వేయాలి.

పాత కాపలా

ముప్పై ఒక్క ఏళ్ళు ఖాకీ వేసుకుని రిటైరైనవాణ్ణి. నా మాట కొందరికి నచ్చదు, అయినా చెప్పాలి.

రాత్రి ఒంటిగంటకు మనిషి పేవ్‌మెంట్ అంచున పడి ఉన్నాడు అనుకోండి. లేపితే లేస్తాడు, మళ్ళీ వాలిపోతాడు. వదిలేసి వెళ్ళిపోతే, తెల్లారేసరికి లారీ తొక్కిందనో, చలికి పోయాడనో, జేబు కొట్టేసి గొంతు కోశారనో ఫోన్ వస్తుంది. ఆ జీపు అటు వెళ్ళిందని అందరికీ తెలుసు, చూసీ వదిలేశారని మా మీద ఎంక్వైరీ. ఇంటికి దింపుదామంటే అడ్రసు చెప్పలేడు. హాస్పిటల్‌కి తీసుకెళ్తే, తాగాడు అంతే, జబ్బేం లేదు, తీసుకెళ్ళండి అంటారు. ఎన్నిసార్లు విన్నానో ఆ మాట. ఇక మిగిలింది జీపు, లాకప్. మాకు ఇచ్చిన పనిముట్లు అవే. సుత్తి ఒక్కటే ఇచ్చి స్క్రూ ఎందుకు తిప్పలేదని అడిగితే ఎలా?

అలాగని అంతా మంచికే జరిగిందనీ అనను. నెలాఖరుకు పెట్టీ కేసుల లెక్క తగ్గిందంటే పైనుంచి మాట వస్తుంది, ఆ రాత్రి జీపు ఎక్కేవాళ్ళ సంఖ్య పెరుగుతుంది. అలాంటి రాత్రుల్లో ఎవరు ఎక్కారో నాకు గుర్తుంది. రిక్షా తొక్కేవాళ్ళు, కూలీలు, ఇల్లూ వాకిలీ లేనివాళ్ళు. పెద్ద కారులో వెనక సీట్లో స్పృహ లేకుండా పడి ఉన్నవాణ్ణి నేను ఒక్కసారి కూడా లాకప్‌లో వేయలేదు. డ్రైవరు ఉన్నాడు కదా, తీసుకెళ్తాడులే అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఆలోచిస్తే అది తప్పే.

సూటిమాట

మీలాంటి వాళ్ళే ఒప్పుకుంటుంటే నేనేం అంటాను సార్. కానీ పేదవాణ్ణి పట్టుకుని ధనవంతుణ్ణి వదిలేశారు కాబట్టి ఇద్దరినీ వదిలేయాలంటే ఎలా, ఇద్దరినీ పట్టుకోవాలి కదా.

రెండో షిఫ్ట్

ఎమర్జెన్సీ వార్డులో నర్సుగా పదకొండేళ్ళు. ఇక్కడ న్యాయం గురించి పెద్దవాళ్ళు మాట్లాడుతున్నారు, నేను ప్రాణం గురించి మాట్లాడతాను, ఎందుకంటే మొత్తం చర్చలో ఇప్పటిదాకా తూనీగ గారు తప్ప దాని గురించి ఎవరూ మాట్లాడలేదు.

తాగినవాడు అని మీరు అనుకుంటున్న మనిషి తాగినవాడే అని ఎలా తెలుసు? షుగర్ పడిపోయినవాడికి చెమటలు పడతాయి, మాట ముద్దగా వస్తుంది, తూలుతాడు, చేయి పట్టుకుంటే విదిలిస్తాడు, తిడతాడు కూడా. షుగర్ బాగా పెరిగి ఒంట్లో కీటోన్లు అనే ఆమ్లాలు చేరినవాడి ఊపిరిలో పండిన పండు లాంటి వాసన వస్తుంది, అది మందు వాసన అనుకుంటారు. పక్షవాతం మొదలైనా మాట తడబడుతుంది, కాలు ఈడుస్తుంది. తలకు దెబ్బ తగిలి లోపల రక్తం కారుతున్నవాడు మొదట బాగానే మాట్లాడి, గంటల తర్వాత మత్తులోకి జారిపోవచ్చు. ఇక వీళ్ళలో ఎవరైనా నిజంగా రెండు గ్లాసులు తాగి ఉంటే అసలు జబ్బు ఆ వాసన కింద పూర్తిగా మునిగిపోతుంది. వాసన వచ్చింది కదా అని ఎవరూ ముందుకు చూడరు.

పడుకోబెడితే నిద్రతో దిగిపోతుందిలే అనేది నేను విన్న మాటల్లో అన్నిటికంటే ప్రమాదమైనది. చివరి గుక్క తాగాక కూడా కడుపులో ఉన్నది రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది, కాబట్టి లోపల వేసినప్పటి కంటే గంట తర్వాత మనిషి పరిస్థితి దిగజారవచ్చు. ఒళ్ళు దాన్ని ఖర్చు చేసేది గంటకు 100 మిల్లీలీటర్ల రక్తానికి దాదాపు 15 నుంచి 20 మిల్లీగ్రాములే, కాఫీ పోసినా చన్నీళ్ళు గుమ్మరించినా ఆ వేగం మారదు. అలా 200 మిల్లీగ్రాములు ఉన్నవాడికి పూర్తిగా దిగాలంటే పది నుంచి పదమూడు గంటలు. ఆ మధ్యలో వాంతి అయితే, వెల్లకిలా పడుకుని ఉంటే, అది ఊపిరిగొట్టంలోకి పోతుంది, దగ్గు కూడా రాదు. అందుకే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, పైన మోకాలు కాస్త ముందుకు మడవాలి.

ఇంగ్లండు, వేల్స్‌లలో పోలీసు కస్టడీకి ఒక నియమావళి ఉంది, అందులో మత్తులో ఉన్నవాణ్ణి కనీసం అరగంటకోసారి వెళ్ళి లేపాలని రాశారు. తలుపు కంతలోంచి చూడటం కాదు, లేపాలి. పిలిస్తే లేస్తున్నాడా, పేరు ఏమిటి, ఎక్కడ ఉన్నావు అంటే చెబుతున్నాడా, కళ్ళు తెరువు, చేయి ఎత్తు అంటే ఎత్తుతున్నాడా అని చూడాలి. జవాబు రాకపోతే అంబులెన్స్. ఇది చదువుకున్న డాక్టరే చేయాల్సిన పని కాదు, ఎవరైనా చేయొచ్చు. తూనీగ గారూ, మీ తమ్ముణ్ణి ఆ రాత్రి ఎన్నిసార్లు లేపారు? అది కనుక్కోండి. బొప్పి కనిపించింది కాబట్టి ఒకసారి తల స్కాన్ గురించి డాక్టరుని అడగండి, తలనొప్పి, వాంతులు ఉంటే ఒక్క గంట కూడా ఆగొద్దు.

తూనీగ

చేయించాం అక్కా, నిన్ననే. ఏమీ లేదన్నారు. మీరు రాసింది చదివాక చేతులు వణికాయి.

నల్లకోటు

నర్సు గారు రాసినట్టు వెళ్ళి చూడకపోతే ఏమవుతుందో చెప్పే ఒక నిజమైన కేసు చెబుతాను. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం, 2017 డిసెంబర్ 5. టాన్యా డే అనే యాభై అయిదేళ్ళ ఆదివాసీ మహిళ రైల్లో కూర్చుని నిద్రపోతోంది. ఎవరినీ ఏమీ అనలేదు. టికెట్ విషయంలో సరిగ్గా సమాధానం చెప్పలేదని రైలు సిబ్బంది పోలీసులను పిలిచారు, బహిరంగంగా తాగి ఉన్నందుకు అరెస్టు చేసి సెల్‌లో పెట్టారు. ఆమె సెల్‌లో పడింది, తలకు దెబ్బ తగిలింది. చూడాల్సినంత తరచుగా, చూడాల్సినట్టుగా వెళ్ళి చూడలేదు. డిసెంబర్ 22న చనిపోయింది.

ఇందులో ఇంకా దారుణమైనది చెబుతాను. ఆమె అంకుల్ ఒకరు 1982లో కస్టడీలోనే చనిపోయాడు. అలాంటి మరణాలు 99 పరిశీలించిన రాయల్ కమిషన్ (ప్రభుత్వం వేసిన విచారణ సంఘం) 1991లోనే చెప్పింది, బహిరంగంగా తాగి ఉండటాన్ని నేరాల జాబితాలోంచి తీసేయండి అని. చెప్పిన తర్వాత ఇరవై ఆరేళ్ళకు ఆమె అదే నేరం కింద అరెస్టయింది. విక్టోరియా చివరికి 2023 నవంబర్ 7 నుంచి దాన్ని నేరం కాదంది. అంటే కమిషన్ చెప్పాక ముప్పై రెండేళ్ళు.

వాకిలి

నేను ఈ సైట్‌లో ఎప్పుడూ రాయలేదు, చదివి వెళ్ళిపోతాను. ఈరోజు రాస్తాను.

మా నాన్న తాగేవారు. మీరంతా లోపల వేసిన మనిషి గురించి మాట్లాడుతున్నారు, ఆ మనిషి కోసం ఇంట్లో తలుపు గడియ వేసుకుని కూర్చున్నవాళ్ళ గురించి ఎవరూ మాట్లాడటం లేదు. వీధి మొదట్లో నాన్న గొంతు వినబడగానే అమ్మ పొయ్యి ఆర్పేసేది, చేతికి వేడిది ఏదీ అందకుండా. నేను చెల్లిని మంచం కిందకి పంపేదాన్ని. ఆయన్ని పోలీసులు పట్టుకెళ్ళిన రాత్రులు నాకు వేళ్ళ మీద లెక్క, ఆ రాత్రులే మేము ముగ్గురం నిద్రపోయాం. ఒకసారి నేనే ఫోన్ చేశాను, పద్నాలుగేళ్ళు నాకు. వీధిలో అరుస్తున్నాడు, ఇంకా ఇంట్లోకి రాలేదు. ఇంకా ఎవరినీ కొట్టలేదు కదమ్మా, కొడితే చెప్పు అన్నారు ఫోన్‌లో. అర్ధగంటకి నాన్న కొట్టారు.

కాబట్టి ప్రమాదం తెచ్చాక పట్టుకోవాలి, ప్రవర్తన ఉండాలి, రాతపూర్వకంగా ఉండాలి అంటుంటే నాకు ఆ ఫోన్ కాల్ గుర్తొస్తుంది. మీ చట్టం ఎవరి దవడ పగిలేదాకా ఎదురుచూస్తుంది?

నల్లకోటు

వాకిలి గారూ, మీరు రాసినదానికి నా దగ్గర తయారుగా జవాబు లేదు, కాసేపు ఆగి రాస్తున్నాను.

మీ నాన్న గారిని ఆ రాత్రి పట్టుకెళ్ళాల్సిందే. కానీ కారణం ఆయన తాగి ఉండటం కాదు, అరుస్తూ, బెదిరిస్తూ, అంతకు ముందు కొట్టిన ఇంటి వైపు వస్తుండటం. అది ముప్పు. దెబ్బ పడేదాకా ఆగమని ఏ మంచి చట్టమూ చెప్పదు, ముప్పు చాలు. ఫోన్‌లో మీకు ఆ జవాబు ఇచ్చినవారు చట్టాన్ని పాటించలేదు, పని తప్పించుకున్నారు.

ఇంకోటి, దీన్ని మీ మీద వాదనగా తీసుకోవద్దు. పోలీసుల దగ్గర ఉన్న ఆయుధం తాగి ఉన్నాడు అనే ఒక్క మాటే అయితే, వాళ్ళు దాన్ని మీ వీధిలోకి తేరు, ఎందుకంటే అక్కడ గొడవ ఉంది, కేసు పొడవు అవుతుంది, కోర్టు చుట్టూ తిరగాలి. బెంచీ మీద కునుకు తీసేవాడి దగ్గరికి తీసుకెళ్తారు, అక్కడ పని సులువు. నేను చూసిన కేసుల్లో ఇదే ఎక్కువ.

వాకిలి

ఇది నిజం. మా వీధికి జీపు రావాలంటే మూడు ఫోన్లు చేయాల్సి వచ్చేది.

పాత కాపలా

అమ్మా వాకిలీ, ఆ ఫోన్ ఎత్తినవాడు నేను కాకపోవచ్చు. అలాంటి జవాబు నేనూ ఇచ్చాను, ఒకసారి కాదు. ఇంటి గొడవల్లోకి వెళ్ళొద్దు అనేది మాకు సీనియర్లు మొదటి వారంలోనే నేర్పేవారు. నన్ను క్షమించు తల్లీ.

నిమ్మచెట్టు

ఆరేళ్ళ నాలుగు నెలలుగా ముట్టలేదు. అంతకు ముందు నన్ను పదకొండుసార్లు పట్టుకెళ్ళారు. సూటిమాట తమ్ముడు ఒక రాత్రి లోపల ఉంటే జాగ్రత్తగా ఉంటాడు అన్నాడు, దానికి నా పదకొండు రాత్రులే జవాబు.

మందుకు అలవాటు పడ్డ ఒళ్ళుకి ఒక్కసారిగా ఆపేస్తే ఏమవుతుందో బయటివాళ్ళకి తెలియదు. ఆరేడు గంటలకి వణుకు, చెమట. ఒకటి రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు దాటి మూడో రోజుకి కొందరికి లేనివి కనబడతాయి, వినబడతాయి, జ్వరం ఎక్కుతుంది, సరైన వైద్యం లేకపోతే ప్రాణం పోతుంది. నాకు ఎనిమిదోసారి శనివారం పట్టుకున్నారు, సోమవారం దాకా కోర్టు లేదన్నారు. ఆదివారం రాత్రి గోడ మీద పురుగులు పాకుతున్నాయని గోళ్ళు ఊడేలా గీకాను. పక్కవాళ్ళు నన్ను చూసి నవ్వారు, కాపలా ఉన్నవాడు నాటకాలు ఆపమన్నాడు. తర్వాత ఫిట్స్ వచ్చాయంట, నాకు తెలియదు.

జరిమానా సంగతి. మొదటిసారి కట్టాను. నాలుగోసారి అప్పు చేసి కట్టాను. తర్వాత కట్టలేక లోపలే ఉన్నాను, లోపల ఉన్నందుకు పని పోయింది, పని పోయినందుకు గది పోయింది, గది లేక తాగేది రోడ్డు మీదే, రోడ్డు మీద తాగినందుకు మళ్ళీ పట్టుకున్నారు. ఇది ఎక్కడ ఆగుతుంది?

నల్లకోటు గారూ, అమెరికాలో ఇలాంటి మనిషి సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడని ఒకసారి మా గ్రూపు మీటింగులో డాక్టరు చెప్పారు. దాని గురించి రాయగలరా?

నల్లకోటు

లెరాయ్ పావెల్. బూట్లు పాలిష్ చేసి బతికేవాడు, వారానికి పన్నెండు డాలర్ల దాకా సంపాదన. 1949 నుంచి దాదాపు వందసార్లు తాగుడు కేసుల్లోనే శిక్ష పడింది. 1966 చివర్లో టెక్సాస్ ఆస్టిన్‌లో మళ్ళీ పట్టుకుని యాభై డాలర్ల జరిమానా వేశారు. ఇది జబ్బు, జబ్బుకు శిక్ష వేయకూడదు అని అతని లాయరు వాదన. దానికి బలం ఉంది, ఎందుకంటే 1962లో రాబిన్సన్ కేసులో అదే కోర్టు, మాదక ద్రవ్యాలకు బానిసై ఉండటమే నేరం అనడానికి వీల్లేదని చెప్పింది. అయినా 1968లో పావెల్ ఓడిపోయాడు, ఐదుగురు ఒకవైపు, నలుగురు ఇంకోవైపు. అతనికి శిక్ష వేసింది బానిస అయినందుకు కాదు, తాగి బహిరంగంగా ఉన్నందుకు అన్నారు. ఆ అయిదుగురిలో ఒకరైన జస్టిస్ వైట్ విడిగా రాసిన తీర్పు చదివితే మీ ప్రశ్న అక్కడే ఉంటుంది. ఇల్లే లేనివాడు బహిరంగంగా కాక ఎక్కడ ఉంటాడు అన్నది ఆయన ఆలోచించారు. పావెల్‌కి ఇల్లు లేదని రుజువు కాలేదు కాబట్టి అటు ఓటు వేశారు.

ఆ రోజుల్లో అమెరికాలో జరిగే ప్రతి మూడు అరెస్టుల్లో ఒకటి తాగుడు కోసమేనని, 1965లో అవి ఇరవై లక్షలని ప్రెసిడెంట్ వేసిన కమిషనే 1967లో రాసింది. పావెల్ ఓడినా, 1971లో ఒక నమూనా చట్టం వచ్చింది, తాగి ఉన్నందుకు శిక్షించకుండా వైద్యం ఇవ్వాలని. చాలా రాష్ట్రాలు దాన్ని తీసుకున్నాయి, టెక్సాస్ లాంటివి తీసుకోలేదు.

సూటిమాట

నిమ్మచెట్టు అన్నా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మిమ్మల్ని బాధపెట్టాలని కాదు కానీ ఒక మాట అడుగుతాను. మొదటి గ్లాసు ఎత్తినప్పుడు అది మీ ఇష్టమే కదా? జబ్బు అంటే మలేరియా లాంటిది కాదు కదా ఇది. అంతా జబ్బే అంటే బాధ్యత అనే మాటకి అర్థం ఉండదు.

నిమ్మచెట్టు

బాధ పడలేదు తమ్ముడూ, నన్ను నేనే రోజూ అడుక్కునే ప్రశ్న ఇది. మొదటి గ్లాసు నా ఇష్టమే. పదివేల గ్లాసు నా ఇష్టం కాదు, కానీ అది ఎక్కడ మారిందో నాకూ తెలియదు. బాధ్యత నాదే, నేను కాదనను, మానింది కూడా నేనే. కానీ పదకొండుసార్లలో నన్ను మార్చింది లాకప్ కాదు. తొమ్మిదోసారి పట్టుకున్న కానిస్టేబుల్ నా చేతుల వణుకు చూసి జీపుని స్టేషన్‌కి తిప్పకుండా హాస్పిటల్‌కి తిప్పించాడు. అక్కడ వద్దన్నారు. అతను కదల్లేదు, బల్ల మీద టోపీ పెట్టి కూర్చుని, చేర్చుకునేదాకా లేవనన్నాడు. చేర్చుకున్నారు, అయిదు రోజులు ఉంచారు. ఆ తర్వాత కూడా రెండుసార్లు పడ్డాను. కానీ ఎక్కడికి వెళ్ళాలో అప్పటికి తెలుసు.

సూటిమాట

సరే అన్నా. ఇది ఆలోచించాలి నేను.

గోధూళి

మధ్యలో వస్తున్నాను, ఎవరూ అనని ఒకటి. లాకప్ కాదు, హాస్పిటల్ కాదు అంటే మూడోది ఉండాలి. ప్రాగ్‌లో 1951లోనే స్కాలా అనే డాక్టరు హాస్పిటల్లో మత్తు దిగేదాకా ఉంచే కేంద్రం పెట్టారు. హ్యూస్టన్‌లో 2013లో ఒకటి పెట్టారు, పోలీసు తీసుకొచ్చి అప్పగిస్తాడు, మంచం ఇస్తారు, చూస్తుంటారు, దిగాక మనిషిని పంపిస్తారు, కేసు ఉండదు. ఇది అసాధ్యమేం కాదు.

నల్లకోటు

కేంద్రాలు మంచివే, నేను కావాలనే అంటాను. కానీ పేరు మార్చిన లాకప్ కూడా లాకప్పే అని గుర్తుంచుకోవాలి. సోవియట్ యూనియన్‌లో 1931 నుంచి ఇలాంటివి నడిపారు, చాలాకాలం అవి పోలీసుల చేతుల్లోనే ఉన్నాయి. పోలండ్‌లో ఇప్పటికీ ఉన్నాయి, రాత్రికి బిల్లు కూడా మనిషే కట్టాలి.

ఆ పోలండ్ నుంచే ఒక కేసు ఉంది, తూనీగ గారి ప్రశ్నకు దీనికంటే దగ్గరగా వచ్చేది నాకు తెలియదు. విటోల్డ్ లిట్వా, చూపు దాదాపు లేని మనిషి. 1994లో క్రాకోవ్‌లో పోస్టాఫీసుకి వెళ్ళాడు, తన పోస్టు బాక్సులు ఎవరో తెరిచి ఖాళీ చేశారని ఫిర్యాదు చేశాడు. గుమాస్తాలు పోలీసులని పిలిచి, తాగి ఉన్నాడు, గొడవ చేస్తున్నాడు అన్నారు. మత్తు దిగే కేంద్రంలో ఆరున్నర గంటలు ఉంచారు. ఆయన ఊరుకోలేదు, యూరోపియన్ మానవ హక్కుల కోర్టు దాకా వెళ్ళి 2000 ఏప్రిల్‌లో గెలిచాడు. కోర్టు చెప్పింది జాగ్రత్తగా చదవాలి. తాగినవాణ్ణి అసలు నిర్బంధించకూడదని చెప్పలేదు, తనకో సమాజానికో ముప్పు తెచ్చేలా ప్రవర్తిస్తే ఉంచవచ్చు అంది. కానీ అది ఆఖరి మెట్టు, అంతకంటే చిన్న దారి ఉందా అని ముందు చూడాలి. చూపు లేని మనిషిని ఇంటికి దింపవచ్చు కదా, ఎందుకు దింపలేదు అని అడిగింది. జవాబు రాలేదు.

మీ తమ్ముడి ఫోన్‌లో క్యాబ్ బుక్ అయి ఉంది. ఎక్కించి పంపడం చిన్న దారి. అంతకంటే చిన్న దారి ఇంకేముంటుంది?

రెండో షిఫ్ట్

పాత కాపలా గారూ, హాస్పిటల్లో వద్దంటారు అన్న మాటకు నేను జవాబు చెప్పాలి. అంటాం. నేనూ అన్నాను. మంచాలు ఉండవు, తాగినవాడు సెలైన్ పీకేస్తాడు, చేయి చేసుకుంటాడు, పక్క రోగి బంధువులు గొడవ పెడతారు. మా వార్డులో నర్సు అమ్మాయి ఒకతెకి ముక్కు పగిలింది. అందుకే వద్దంటాం, పోలీసు తీసుకెళ్తాడు, అక్కడ చూసేవాళ్ళు ఉండరు. ఇద్దరం కలిసి ఆ మనిషిని చూడని గదిలోకి పంపుతున్నాం. కనీసం షుగర్ చూసి, తల చూసి, పేరు చెప్పగలుగుతున్నాడా చూసి కాగితం రాసి ఇవ్వాలి, అయిదు నిమిషాల పని. నేను రేపటి నుంచి అది చేయకుండా ఎవరినీ వెనక్కి పంపను.

తూనీగ

అందరికీ ధన్యవాదాలు. వాకిలి గారూ, మీ పోస్ట్ అమ్మకి చదివి వినిపించాను, ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తమ్ముడితో కూర్చుని మాట్లాడాను. లేపారా అని అడిగితే, ఎవరూ లేపినట్టు గుర్తులేదు, నీళ్ళు అడిగినట్టు గుర్తుంది అన్నాడు. సంతకం పెట్టిన కాగితంలో ఏముందో వాడు చదవలేదు. గొడవ చేశాడని రాసి ఉంటే రేపు ఉద్యోగానికి అడ్డం వస్తుందేమో అని ఇప్పుడు టెన్షన్ పడుతున్నాడు. ఎవరి మీదా పగ లేదు మాకు, ఆ కాగితంలో ఏం రాశారో చూడాలి, వాణ్ణి ఆ రాత్రి ఎవరైనా చూశారో లేదో తెలియాలి. ఏం అడగాలి, ఎలా అడగాలి?

పాత కాపలా

అమ్మా, నోటితో అడగకు, రాసి ఇయ్యి, ఇచ్చినట్టు నీ కాపీ మీద స్టాంపు వేయించుకో. ఆ తేదీకి స్టేషన్ డైరీలో ఏం రాశారో, లాకప్‌లో ఎప్పుడు పెట్టారో, ఎప్పుడు తీశారో, మధ్యలో ఎవరు చూశారో, డాక్టరుకి చూపించారా, బంధువులకి ఎవరు ఏ టైముకి చెప్పారు, ఇవన్నీ అడుగు. సీసీ కెమెరా రికార్డింగు భద్రపరచమని ఇవాళే రాయి, కొన్నాళ్ళకి దాని మీద కొత్తది ఎక్కేస్తుంది. క్యాబ్ బుకింగు మెసేజ్ టైముతో సహా జత చెయ్యి, స్కాన్ చేయించిన కాగితం కూడా. పైఆఫీసుకి ఇంకో కాపీ పోస్టులో పంపు. గట్టిగా మాట్లాడొద్దు, మర్యాదగా నిలబడు, కాగితం తీసుకునేదాకా మాత్రం కదలొద్దు.

నల్లకోటు

రాసిన తర్వాత ఇక్కడ పెట్టకుండా నాకు మెసేజ్‌లో పంపండి, పేర్లు ఉంటాయి కదా. ఒకసారి చూసి ఇస్తాను, ఫీజు ఏమీ వద్దు.

తూనీగ

రాత్రికి రాసి పంపుతాను సార్. పొద్దున్నే వెళ్తున్నాం, తమ్ముడు నేనూ. అమ్మ కూడా వస్తానంటోంది.